మూడు కాయలు... ఓ చెప్పు... చెరువులో కోట!

డిసెంబరు వచ్చిందంటే చాలు, జర్మనీలోని మోరిట్జ్‌బర్గ్ అనే చిన్న ఊరు సందర్శకులతో కిటకిటలాడిపోతుంది. డ్రెస్డెన్‌ నగరానికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో చెరువు మధ్య ఓ కోట, నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు. కోట మెట్ల మీద ఓ బుల్లి కంచు చెప్పు! అది సిండ్రెల్లాది. కథలో సిండ్రెల్లా కాదు, సినిమాలో సిండ్రెల్లా.

1973లో చెకొస్లొవేకియా, తూర్పు జర్మనీ కలిసి తీసిన ఆ సినిమా పేరు 'సిండ్రెల్లాకి మూడు హేజల్‌నట్‌లు'. దర్శకుడు వాత్స్‌లావ్ వోర్లిచెక్. ఇందులో మంత్రదండం పట్టుకొచ్చే దేవత లేదు. మూడు కాయలు పగిలితే ఒకదాంట్లోంచి వేటగాడి దుస్తులు, మరోదాంట్లోంచి నాట్యానికి గౌను, ఇంకోదాంట్లోంచి పెళ్లి బట్టలు వస్తాయి. లిబుషె షఫ్రాన్‌కోవా నటించిన ఈ సిండ్రెల్లా మూల కూర్చుని ఏడ్చే రకం కాదు. గుర్రమెక్కి దౌడు తీస్తుంది, గురిచూసి బాణం వేసి రాకుమారుణ్నే ఓడిస్తుంది!

చిత్రమేమిటంటే, సినిమాలో క్రిస్మస్ ఊసే లేదు. అసలు వేసవిలో తీయాలనుకున్నారట. తూర్పు జర్మనీ స్టూడియో వాళ్లకి చలికాలంలోనే తీరిక దొరకడంతో కథ మంచులోకి మారింది. తీరా చూస్తే మంచు సరిగా పడలేదు. చేపల పొడి చల్లి మంచులా చూపించారు. ఆ కంపు భరించలేక నటులు నానా అవస్థలూ పడ్డారు. తెరమీద మాత్రం వెండి వెన్నెలే! ఆ మంచే దాన్ని పండగ సినిమాని చేసింది. జర్మనీ, చెక్ దేశాల టీవీల్లో ఏటా క్రిస్మస్‌కి రావాల్సిందే. నార్వేలోనైతే డిసెంబరు 24 ఉదయం వేస్తారు. అక్కడ సిండ్రెల్లా, సవతితల్లి, రాకుమారుడు... అందరి మాటలూ క్నూట్ రీసాన్ అనే ఒకే ఒక్క మగాయన గొంతులో! కొత్తవాళ్లకి నవ్వొస్తుంది, నార్వేవాళ్లకి మాత్రం ఆ గొంతు లేనిదే పండగ లేదు.

ఈ తియ్యటి కథ వెనక ఓ చేదు నిజం ఉంది. స్క్రిప్టు రాసిన ఫ్రాంటిషెక్ పావ్లీచెక్‌పై 1968 తర్వాత కమ్యూనిస్టు ప్రభుత్వం నిషేధం పెట్టింది. అందుకే తెరమీద బొహుమిలా జెలెంకోవా పేరు వేశారు. ఆ గుట్టు బయటపడి ఉంటే సినిమా పెట్టెలోంచి బయటికొచ్చేదే కాదు. పావ్లీచెక్ పేరు బాహాటంగా చెప్పుకోగలిగింది 1989లో ఆ ప్రభుత్వం పడిపోయాకే.

కోటది అంతకన్నా పాత చరిత్ర. 16వ శతాబ్దంలో వేట విడిదిగా కట్టారు. 18వ శతాబ్దంలో అగస్టస్ రాజు ఇప్పటి రూపం ఇచ్చాడు. లోపల గోడల నిండా జింక కొమ్ములు. రంగురంగుల పక్షి ఈకలతో అల్లిన గది మరో వింత. చలికాలంలో సినిమా దుస్తులు, వస్తువులతో ప్రదర్శన పెడతారు. రాడెబోయిల్ నుంచి బుల్లి ఆవిరి రైలెక్కితే, పొగలు కక్కుకుంటూ చెరువుల మధ్య నుంచి తీసుకొస్తుంది. సవతితల్లి ఇల్లు చూడాలంటే మాత్రం చెక్ దేశంలోని ష్విహోవ్ కోటకి వెళ్లాలి.

తూర్పు జర్మనీ 1990లో పోయింది. చెకొస్లొవేకియా 1993లో రెండు ముక్కలైంది. షఫ్రాన్‌కోవా 2021లో కన్నుమూసింది. అయినా ప్రతి డిసెంబరులోనూ సిండ్రెల్లా చెప్పు జారవిడుచుకుంటూ ఆ మెట్లు దిగుతూనే ఉంది!