ఎడారిలో నీటి లెక్క

గత డిసెంబరులో మేము ఎనిమిది మందిమి, ఇద్దరు అధ్యాపకులూ ఆరుగురు విద్యార్థులూ, జైసల్మేరు సమీపాన థార్ ఎడారిలో రెండు రోజులు కాలినడకన తిరగదలచాము. కర్నూలు వేసవిలో కుళాయిల వద్ద బిందెల బారులు చూసినవారమే గనుక నీటి విలువ మాకు తెలుసుననుకున్నాము. కాగితంపై లెక్క వేసేసరికి ఆ అహంకారం కరిగిపోయింది.

చలికాలమైనా త్రాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 5 లీటర్లు కావాలని నిర్ణయించాము. ఎనిమిది మందికి రెండు రోజులకు 80 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు. అంటే పడకలూ తిండీ గాక ఒక్కొక్కరి వీపున 10 కిలోలు! అందుచేత సగం నీటిని ముందే జీపులో తీసుకుపోయి, దారిమధ్య ఊరిలో ఒక ఇంట ఉంచాము. "పటంలో బావి ఉన్నది కదా సార్" అన్నాడొక విద్యార్థి. ఆ ఇంటి పెద్దాయన నవ్వి, అక్కడి బావులు చాలా లోతనీ, కొన్నింటి నీరు ఉప్పనీ, వాననీరు దాచుకొనే టాంకా ఒక కుటుంబపు ఆధారమనీ చెప్పాడు. దానిని బాటసారి తన లెక్కలో కలుపుకోరాదని గ్రహించాము.

అయినా పొరపాటు చేశాము. వంటనీటినంతా ఒకే డబ్బాలో పోశాము. మొదటి మధ్యాహ్నం విశ్రమించినప్పుడు అది ఒరిగి, మూత వదులై, 8 లీటర్లూ ఇసుక పాలయినాయి. చిన్న సీసాలలో పంచి ఉంటే ఒకటి పోయినా తక్కినవి దక్కేవి. ఇక త్రాగునీటినే వంటకు వాడక తప్పలేదు.

అసర్ నమాజు వేళకు మనిషికి లీటరైనా మిగలలేదు. ఊరు ఇంకా గంటన్నర దూరం. మాతో వచ్చిన ఒక హిందూ విద్యార్థి తన సీసాను మా ముందుంచి, "మీరు వజూ చేసుకోండి సార్, నేను ఊరు చేరాక త్రాగుతాను" అన్నాడు. కొంతసేపు మాకు నోట మాట రాలేదు. నీరు త్రాగడానికే చాలనప్పుడు శుభ్రమైన మట్టితో తయమ్ముం చేసుకోవచ్చునని వానికి చెప్పి, ఆ నీటిని వానిచేతనే త్రాగించాము. ఇసుకపై అరచేతులు ఆనించి ముఖమూ చేతులూ తుడుచుకున్నాము. ఎన్నోసార్లు చదివిన ఆ సడలింపులోని దయ ఆనాడు అనుభవానికి వచ్చింది.

ఖలీఫా హారూన్ రషీద్ భార్య, 831లో మరణించిన జుబేదా, కూఫా నుండి మక్కాకు పోయే హజ్ బాటలో బావులూ తటాకాలూ ఏర్పాటు చేయించింది. తాను ఎన్నడూ చూడని మనుషుల దాహాన్ని ఆమె లెక్కించింది. మేము మా ఎనిమిది మంది దాహాన్నే సరిగా లెక్కించలేకపోయాము.

మరునాడు నీటిని చిన్న సీసాలలోకి పంచుకున్నాము. మా అవసరానికి మించిన 4 లీటర్లను ఆ ఇంటి ముంగిట బాటసారుల కోసం ఉంచిన కుండలో పోసి బయలుదేరాము. విద్యార్థి మిత్రులారా, నీటి లెక్కలో ఎదుటివాని దాహం కూడా చేరితేనే అది పూర్తి అవుతుంది.