అమ్మ కొంగున తాళంచెవి

ఆ మధ్యాహ్నం మా చిన్నోడి తప్పేమీ లేదు. ఆ మాట ముందే చెప్పాలి.

అప్పటికి వాడికి ఏడేళ్ళు. శనివారం. పక్క వీధిలో ఉండే వాడి స్నేహితుడు ఆడుకోవడానికి వచ్చాడు. పైన గదిలోంచి అలికిడి రాకపోయేసరికి వెళ్ళి తలుపు తీశాను. మావాడు మంచం అంచున కూర్చుని ఉన్నాడు. చేతిలో నా పిస్టల్. ఎదురుగా నేల మీద స్నేహితుడు బాసింపట్టు వేసుకుని శ్రద్ధగా వింటున్నాడు.

"రూల్ నంబర్ వన్. ఏ గన్ అయినా లోడ్ అయి ఉందనే అనుకోవాలి," అని మావాడు పాఠం చెబుతున్నాడు. చూపుడు వేలు ట్రిగ్గర్ మీద లేదు. నేను నేర్పినట్టే పక్కకు చాపి పెట్టాడు. బ్యారెల్ మాత్రం ఆ పిల్లవాడి గుండెల వైపుంది.

నేను అరవలేదు. అరిస్తే ఉలిక్కిపడి వేలు బిగిస్తాడేమోనని భయం. పక్కనుంచి నడిచివెళ్ళి, వాడి మణికట్టు నేలవైపు వంచి పిస్టల్ తీసుకున్నాను. స్లైడ్ వెనక్కి లాగాను. ఒక తూటా ఎగిరి కార్పెట్ మీద పడింది.

తూటాలుండే మేగజీన్‌ని పొద్దున్నే నేనే తీసి వేరే సొరుగులో పెట్టాను. దాంతో ఖాళీ అయిపోయిందనుకున్నాను. రాత్రిళ్ళు ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో, ఒక తూటా ఎక్కించి పెట్టుకోవడం నా అలవాటు. మేగజీన్ తీసినంత మాత్రాన అది బయటికి రాదు. స్లైడ్ లాగి, ఛాంబర్‌లోకి కళ్ళతో చూసి, వేలితో తడిమితే గానీ ఖాళీ అని నమ్మకూడదు. చాలా పిస్టళ్ళు మేగజీన్ లేకున్నా ఆ ఒక్క తూటానీ పేలుస్తాయి. ఇవన్నీ నాకు తెలుసు. ఆ పొద్దున ఆఫీసు కాల్ హడావిడిలో చూడలేదు, అంతే.

మేముండేది డాలస్ శివార్లలో. బంగారం ఉంటుందని భారతీయుల ఇళ్ళను వెతుక్కుంటూ వచ్చే దొంగల గురించి ఇక్కడి మనవాళ్ళు తరచూ చెప్పుకుంటారు. గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాది, ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక 9 ఎమ్ఎమ్ పిస్టల్ కొన్నాను. షూటింగ్ రేంజ్‌లో క్లాసులకు వెళ్ళాను. తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ పేరుతో ప్రచారంలో ఉన్న నాలుగు నియమాలు అక్కడే నేర్చుకున్నాను. ప్రతి తుపాకీ లోడ్ అయి ఉందనే భావించు. నాశనం చేయదలచుకోని దేనివైపూ గురిపెట్టకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. నీ గురి ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలుసుకో.

అవే మా చిన్నోడికీ నేర్పాను. దాచిపెడితే కుతూహలం పెరుగుతుంది, నేర్పితే భయభక్తులు వస్తాయని నా వాదన. ఎక్కాలు అప్పజెప్పించినట్టు రోజూ అప్పజెప్పించాను. ఇంటికొచ్చిన వాళ్ళ ముందు పద్యం చదివించినట్టు చదివించాను. వాళ్ళు చప్పట్లు కొడితే పొంగిపోయాను. నా భార్య మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగింది: "ఏమండీ, వాడికి నోటికి వచ్చింది సరే, ఆ బీరువాకి తాళం వేస్తున్నారా?" వాడికి అంతా తెలుసు, పైగా పిస్టల్ ఎక్కడుందో తెలియదు అని చెప్పాను. సూట్ల వెనక పై అరలో పెట్టేవాణ్ణి. వాడు కుర్చీ వేసుకుని ఎక్కాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత చాలాకాలం ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలు వెతికి చదివాను. 2001లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఒకటుంది. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలు 64 మందిని ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో ఉంచారు. పేలకుండా చేసిన అసలు పిస్టల్‌ని అక్కడి సొరుగులో దాచి, అద్దం వెనకనుంచి గమనించారు. 48 మంది దాన్ని కనుక్కున్నారు. 30 మంది చేత్తో పట్టుకున్నారు. 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. పట్టుకున్న వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందే తుపాకీ జాగ్రత్తలు నేర్చుకున్నవాళ్ళే.

నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1988లో ఎడ్డీ ఈగిల్ అనే గద్ద బొమ్మతో పిల్లలకో పాఠం మొదలుపెట్టింది. ఆగు, ముట్టుకోకు, అక్కణ్ణుంచి పరుగెత్తు, పెద్దవాళ్ళకు చెప్పు. మంచి మాటలే. అయితే నాలుగైదేళ్ళ పిల్లలతో 2004లో చేసిన పరిశీలనలో, పాఠం నోటికి వచ్చిన పిల్లలు కూడా ఎవరూ చూడనప్పుడు తుపాకీ కనిపిస్తే అది పాటించలేకపోయారు. నోటికి రావడం వేరు, ఆ క్షణంలో చేతిని ఆపుకోవడం వేరు. ఏడేళ్ళ వాడికి ఆ రెండోది వచ్చేసిందని నేను ఏ ధైర్యంతో అనుకున్నాను?

నన్ను బాగా కుదిపింది అలబామాలో జరిగిన మరో సర్వే. తుపాకీ ఎక్కడుందో మా పిల్లలకు తెలియదన్న తల్లిదండ్రుల్లో నూటికి 39 మంది మాట నిజం కాదని వాళ్ళ పిల్లలే చెప్పారు. ఆ 39 మందిలో నేనూ ఉన్నట్టే.

మర్నాడు ఇండియాకి ఫోన్ చేసినప్పుడు అమ్మకు చెప్పాను. అంతా విని ఒకే మాట అడిగింది: "తాళం ఎందుకు వెయ్యలేదురా?"

నా చిన్నప్పుడు మాది పత్తి చేలున్న ఇల్లు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోనే ఉండేవి. అమ్మ మాకు విషం గురించి పాఠాలు చెప్పి ఊరుకోలేదు. డబ్బాల్ని రేకు పెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి కొంగుకు ముడివేసుకునేది. మందు కొట్టే రోజు నాన్న కూడా అమ్మనే అడిగి తీసుకోవాలి. మా బుద్ధి మీద అమ్మకి నమ్మకం లేక కాదు. పిల్లల ప్రాణాన్ని పిల్లల జ్ఞాపకశక్తికి అప్పగించకూడదని ఆమెకు తెలుసు. అంత చదువుకున్న నేను మాత్రం దానికే అప్పగించాను.

అమ్మతో మాట్లాడిన రోజు సాయంత్రమే మావాడి స్నేహితుడి ఇంటికి వెళ్ళి జరిగింది దాచకుండా చెప్పాను. వాళ్ళ నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అన్నా, పోయిన వారం వాడు మీ ఇంట్లోనే పడుకున్నాడు. ఇంట్లో గన్ ఉందని ఒక్క మాట చెప్పాల్సింది." నా దగ్గర సమాధానం లేదు. ఏడాది దాకా వాళ్ళబ్బాయి మా ఇంటికి రాలేదు. వాళ్ళు చేసింది న్యాయమే.

ఇప్పుడు పిస్టల్ ఖాళీగా, నేలకు బోల్టులు బిగించిన ఇనుప పెట్టెలో ఉంటుంది. తూటాలు మరో గదిలో, మరో తాళం కింద. పిల్లలున్న ఇంట్లో తుపాకీ లేకపోవడమే అన్నిటికన్నా మేలని, ఉంటే ఇలాగే ఉంచాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. మా టెక్సాస్ చట్టం కూడా, తూటా ఎక్కించిన తుపాకీ 17 ఏళ్ళలోపు పిల్లలకు చిక్కేలా అజాగ్రత్తగా వదిలేస్తే నేరం పెద్దవాళ్ళదే అంటుంది. తాళం చిన్నపిల్లల కోసమే అనుకోకండి. పదహారేళ్ళ పిల్లకో పిల్లవాడికో మనసు విరిగిన రాత్రి కూడా ఆ తాళమే అడ్డు నిలవాలి. ఈ దేశంలో 2020 నుంచి 1–19 ఏళ్ళ వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకులే. వాటిలో ఆత్మహత్యలు చాలా ఉన్నాయి.

మా ఇంటికి పిల్లలు వస్తున్నారంటే వాళ్ళ అమ్మానాన్నలకు ముందే చెబుతాను: ఇంట్లో పిస్టల్ ఉంది, ఇలా ఉంచాం, పంపాలా వద్దా మీ ఇష్టం. మావాణ్ణి ఎక్కడికైనా పంపేముందు, వేరుశెనగ అలర్జీ గురించి చెప్పినట్టే, మీ ఇంట్లో తుపాకీ ఉందా, ఎలా ఉంచారు అని కూడా అడుగుతాను. మొదట్లో నోరు పెగిలేది కాదు. ఇంతవరకూ ఎవరూ నొచ్చుకోలేదు.

నేర్పడం నేను మానలేదు. మావాడికి ఇప్పుడు పన్నెండేళ్ళు. రేంజ్‌లో నా పక్కన నిలబడి, కళ్ళద్దాలూ చెవులకు ఇయర్‌మఫ్‌లూ పెట్టుకుని, ఒక్కో తూటాతో కాలుస్తాడు. ముగిశాక స్లైడ్ లాగి ఛాంబర్ చూసి, వేలు పెట్టి తడిమి, నా వైపు చూస్తాడు. నేనూ చూసి, తడిమి, తల ఊపుతాను. రెండు జతల కళ్ళు చూడనిదే పిస్టల్ పెట్టెలోకి వెళ్ళదు.

ఆ శనివారం రాత్రి వాడు ఏడుస్తూ అడిగాడు: "నేను రూల్స్ అన్నీ కరెక్ట్‌గానే చెప్పాను కదా నాన్నా?"

"కరెక్ట్‌గానే చెప్పావు నాన్నా," అన్నాను. "తాళం వెయ్యనిది నేను."