ముహూర్తానికి జోరందుకున్న కంప్యూటరు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ చేస్తారు. లోకో షెడ్డు దగ్గర్నుంచి పంక్చర్ షాపు దాకా పనిముట్లన్నిటికీ బొట్లు పడతాయి. ఇప్పుడు కంప్యూటర్లకూ పెడుతున్నారు. పెట్టుకోనివ్వండి, బొట్టు వల్ల ఎవరికీ నష్టం లేదు. నా పేచీ అంతా ఆ తర్వాత వేసే లెక్కతోనే.

మా పక్కింటాయన గూడ్సు గార్డుగా రిటైరయ్యారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవడం మాత్రం హిందీలోనే. 2024లో ఆయన కంప్యూటరు బాగా నెమ్మదించింది. రిపేరు షాపతను పితృపక్షంలో కొత్త వస్తువు బిగించకూడదని ఆపి, నవరాత్రి మొదటి రోజున అగరొత్తులు వెలిగించి, నిమ్మకాయ తిప్పి, ఎస్‌ఎస్‌డీ బిగించి విండోస్ కొత్తగా ఎక్కించాడు. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే అర నిమిషంలో తయారు!

"చూశారా సార్, పెద్దలు ఊరికే చెప్పలేదు" అన్నారు.

ఇక్కడ ఒకేసారి మూడు మారాయి: డిస్కు, ఆపరేటింగ్ సిస్టం, ముహూర్తం. ఫలితం ఒక్కటే. దాన్ని మూడో ఖాతాలో జమ కట్టడానికి వోచరు ఏది? పచ్చకామెర్లకు పసరు పోయించుకున్నవాళ్ళు చేసేదీ ఇదే. ఆ జబ్బు చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకొస్తుంది.

నేను ఇంజనీరుని కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. అబ్బాయి ఉద్యోగం ఇక్కడి జోన్ ఆఫీసులో కాబట్టి ఇక్కడున్నాను. మా పాత కంప్యూటరుదీ అదే జబ్బు కావడంతో నేనూ ఒక ఎస్‌ఎస్‌డీ కొన్నాను. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాను. స్విచ్ నొక్కినప్పటి నుంచి నోట్‌ప్యాడ్‌లో ఒక అక్షరం పడేదాకా వాచీ పెట్టి, ప్రతి అమరికకూ అయిదేసి సార్లు చూసి సగటు తీశాను. పాత డిస్కు, పాత విండోస్: 3 నిమిషాల 10 సెకన్లు. పాత విండోస్‌నే ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీకి కాపీ చేస్తే: 34 సెకన్లు. ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా ఎక్కిస్తే: 27. ఆఖర్న పాత డిస్కునే తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించి చూశాను: 2 నిమిషాల 5 సెకన్లు. అగరొత్తి ఏ అమరికలోనూ లేదు. ఇక సింహభాగం ఎవరిదో మీరే చూసుకోండి.

కారణం తేలికే. నా పాత డిస్కు నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, పైగా సూది జరగడానికి పట్టే సమయం వేరు. విండోస్ లేవాలంటే వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలు చదవాలి. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, మిల్లీసెకనులో పదో వంతు చాలు.

అన్నట్టు, 500 జీబీ అని కొన్న డిస్కు విండోస్‌లో 465 అని చూపిస్తే షాపువాడు మోసం చేశాడనుకోకండి. తయారీదారు జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ జీబీ అంటే 107 కోట్ల చిల్లర. తూకంరాయిలో తేడా.

పాత డిస్కు తుడిచే ముందు చేసిన పని మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. ఫైళ్ళన్నీ బయటి డిస్కుకి ఎక్కించి, రెండు చోట్లా ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 తీసి సరిపోల్చాను. ఫైలు మొత్తాన్ని లెక్కించి 64 అక్షరాల ముద్ర ఇస్తుంది, లోపల ఒక్క కామా మారినా ముద్ర మారిపోతుంది. "కాపీ అయిందిలే" అనేది నమ్మకం, ముద్రలు కలిస్తే అది రుజువు. అను ఫాంట్లతో కొట్టిన మా సంఘం పాత కరపత్రాలూ అందులోనే ఉన్నాయి, ఆ ఫాంటు లేకపోతే అవి పిచ్చిగీతలే. అందుకే ఫాంట్లు కూడా కాపీ చేశాను. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, నా ప్రాసెసరేమో 11కి పనికిరాదు. ఇప్పుడు అదే ఎస్‌ఎస్‌డీ మీద డెబియన్ ఉంది. ఎక్కించేముందు మళ్ళీ ఇదే తంతు.

గార్డుగారికి ఆ పని ఎవరూ చేయలేదు. నెల తర్వాత, పోయిన భార్య ఫోటోల కోసం వెతికితే ఫోల్డరే లేదు. షాపుకి ఇద్దరం వెళ్ళాం. పాత డిస్కుని మూడొందలు తగ్గింపు కింద తీసుకుని ఎవరికో అమ్మేశాడట. "అందులో ఏమైనా ఉందని మీరు చెప్పలేదుగా" అన్నాడు. ముహూర్తం అడిగినవాడు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. గార్డుగారు నన్నే ఊరడించారు: "పోన్లెండి సార్, తలరాత." నాకు కోపం ఆగలేదు. తలరాత ఎక్కడిదండీ, మూడొందల రూపాయల రసీదు ఉంది కదా!

ఇంట్లో ఏమైనా మిగిలాయా అని సొరుగులన్నీ వెతికించాను. పాత కెమెరా దొరికింది. అందులో కార్డు ఖాళీగా కనబడింది, ఫోటోలు కంప్యూటరుకి ఎక్కించాక తుడిచేశారట. అయితే తుడవడమంటే చాలాసార్లు లెడ్జరులో విషయసూచిక చింపడమే, పైన కొత్తది రాసేదాకా లోపలి పేజీలు ఉంటాయి. కార్డులో మరేమీ రాయకుండా ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపించాను. 63 ఫోటోలు వచ్చాయి, కొన్ని సగం బూడిద రంగులో. పద్నాలుగింటిలో ఆవిడ ఉన్నారు. అమర్‌కంటక్‌లో నర్మద గుడి ముందు, కొంగు తలమీదికి లాక్కుని ఎండకి కళ్ళు చిట్లించిన ఫోటో దగ్గర ఆయన చాలాసేపు ఆగిపోయారు. నేను టీ పెట్టించే మిషతో లోపలికి వెళ్ళాను.

మూడు కాపీలు చేశాం. రెండు ఆయన దగ్గర, ఒక పెన్‌డ్రైవు మా బీరువాలో. మూడింటి ముద్రలూ సరిపోల్చి, చీటీ మీద తేదీ వేసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్నాను.