నిమ్మలకుంటలో ఒక దినము



అనంతపురం సీమలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. అది తప్పితే వేరుశనగ ఎండుతుంది, ఇంటివారు బెంగుళూరు బస్సెక్కుతారు. ఇట్టి మెట్టనేలలో ఆడవారి చేతిపని ఇంటికి ఎంత ఆసరాయో చూడాలని, మొన్నటి వేసవిలో మా సంఘపు యౌవనస్థులతో ధర్మవరం మండలములోని నిమ్మలకుంటకు వెళ్ళాము. లోగడ అనంతపురం జిల్లాలో ఉండిన ఈ గ్రామము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

ఇది తోలుబొమ్మల ఊరు. ఈ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. సినిమాలు, టీవీ వచ్చి రాత్రి ఆటలు తగ్గగా, అదే తోలుతో లాంపుషేడ్లు, గోడపటములు చేస్తున్నారు. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు కనబడునంత పలుచగా ఆరబెడతారు. బొమ్మ గీసి, చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. ఈ పనిలో స్త్రీల చేయి ఎంతో ఉన్నది.

హైదరాబాదులో 1995లో ఏర్పడిన నిఫ్ట్ వంటి విద్యాలయాలలో, చేతిపనుల గ్రామాలకు వెళ్ళి నేర్చుకొనుట చదువులో భాగము. మేము వెళ్ళిన ఇంటి వసారాలో అట్టి విద్యార్థిని ఒకతె ఒక తల్లి ప్రక్కన కూర్చుని ఉన్నది. "కొత్త డిజైన్లు నేర్పుదామని వచ్చాను సార్. మూడు రోజులైనా ఒక వరుస చిల్లులు తిన్నగా కొట్టలేకపోయాను" అని నవ్వింది. అందుచేత డిజైన్లు ప్రక్కన పెట్టి, ముందు పని నేర్చుకొంటూ ఖర్చుల లెక్క వ్రాస్తున్నదట.

మేము ఒక లాంపుషేడు ధర అడిగి, అలవాటుగా బేరమాడాము. ఆ తల్లి ఏమీ అనలేదు. అమ్మాయి మాత్రము లెక్కల పుస్తకము మా ముందు పెట్టింది. తోలు వెల, రంగుల వెల, వాటి క్రింద పని దినములు. తోలు వెల, రంగుల వెల తగ్గవు. మేము తగ్గించమన్నది ఆ తల్లి దినములనే! సిగ్గుపడి, అడిగిన ధర ఇచ్చాము.

అప్పుడామె, "రేటు అందరూ అడుగుతారు సార్. చేసిందెవరని ఎవురూ అడగరు" అన్నది. విద్యార్థిని ఒక చిన్న అట్టముక్కపై ఆ తల్లి పేరు వ్రాసి దానికి కట్టి ఇచ్చినది.

ఇంటికి వచ్చిన తరువాత ఒక విశ్వాసి, "బొమ్మల ఊరిలో పాస్టరుగారికేమి పని?" అని అడిగారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయము చదవమన్నాము. యొప్పేలో తబితా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినవి ఆమె కుట్టిన వస్త్రములే. ఆ వస్త్రములతోపాటు ఆమె పేరు కూడ నిలిచినది.

మన ఊళ్ళలో చాపలు అల్లేవారు, బుట్టలు కట్టేవారు, మగ్గము దగ్గర భర్తకు సాయపడే స్త్రీలు ఎందరో. వారి పేరు మనమెన్నడైనా అడిగామా? ఈ సెలవులలో మీ పిల్లలను అట్టి ఒక తల్లియొద్ద వారము దినములు కూర్చుండబెట్టుడి. నేర్పుటకు కాదు, నేర్చుకొనుటకు. లెక్క వ్రాయుట వచ్చిన పిల్లవాడు ఆమె కష్టమును లెక్క కట్టి చూపిన యెడల, అదియే గొప్ప సహాయము. చేతుల కష్టమును చూచు దేవుడు మనకును అట్టి కన్నులు దయచేయును గాక. ఆమేన్.