లూయిస్‌లో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్, ఒక జీతాల పద్దు

నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. తెలిసిందల్లా జీతాల బిల్లులు. డిఫెన్స్ అకౌంట్స్‌లో నా ఉద్యోగమంతా వాటితోనే గడిచింది. కాబట్టి ఇంగ్లండులో చూసిన ఒక చిన్న మ్యాచ్ గురించి రాస్తూ గోల్స్ కంటే లెక్కలే ఎక్కువ రాస్తే మిత్రులు మన్నించాలి.

కొన్నేళ్ళ క్రితం లండన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, గంట పైచిలుకు రైలు ప్రయాణం చేసి లూయిస్ అనే ఊరు వెళ్ళాను. ఎందుకో మన హేతువాదులకు చెప్పనక్కర్లేదు. 'ఏజ్ ఆఫ్ రీజన్' రాసిన థామస్ పెయిన్ 1768 నుంచి 1774 దాకా కాపురమున్న ఊరది. ఆయన ఉన్న బుల్ హౌస్ ఇప్పటికీ ఉంది.

అప్పట్లో పెయిన్ ఎక్సైజు అధికారి. సరుకు కొలవడం, పన్ను లెక్కగట్టడం ఆయన పని. ఒక రకంగా నా బోటివాడే. 1772లో తోటి ఉద్యోగుల తరఫున జీతాలు పెంచమని పార్లమెంటుకు ఒక విజ్ఞప్తి రాశాడు. ఏడాదికి 50 పౌన్ల జీతంలో గుర్రానికీ, మిగతా ఖర్చులకీ పోను చేతిలో మిగిలేది దాదాపు 32 పౌన్లేనని లెక్కవేసి చూపాడు. ఆకలితో ఉన్నవాడి చేత నిజాయితీగా పన్ను వసూలు చేయించలేరని వాదించాడు. పార్లమెంటు పట్టించుకోలేదు. 1774లో ఉన్న ఉద్యోగమూ పోయింది. ఆయన అమెరికా వెళ్ళిపోయాడు. తర్వాతి కథ మీకు తెలిసిందే. దేవుడి గురించి పుస్తకం రాయడానికి ఇరవై ఏళ్ళ ముందే ఆయన పే స్కేలును ప్రశ్నించాడన్నమాట.

1792లో వచ్చిన 'రైట్స్ ఆఫ్ మ్యాన్' రెండో భాగంలోనూ అదే పద్ధతి. పేదల్లో యాభై దాటినవారికి ఏటా 6 పౌన్లు, అరవై దాటినవారికి 10 పౌన్లు ఇవ్వాలంటాడు. అది దానం కాదు, హక్కు అంటాడు. అంతటితో ఆగకుండా, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో పద్దులు వేసి చూపిస్తాడు. పింఛనుదారుణ్ణి కాబట్టి ఆ పేజీలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

ఇల్లు చూసి స్టేషనుకు తిరిగి వస్తుంటే జనం ఒక పక్కకు నడుస్తున్నారు. శనివారం, మూడింటికి మ్యాచ్. గ్రౌండు స్టేషను పక్కనే. రైలుకు టైముంది కదా అని నేనూ టికెట్ కొన్నాను.

ఇంగ్లండు ఫుట్‌బాల్ ఒక నిచ్చెన లాంటిది. మనం టీవీలో చూసే ప్రీమియర్ లీగ్ పై మెట్టు. ఆ రోజు లూయిస్ మగవాళ్ళ జట్టు ఆడింది ఇస్త్మియన్ లీగ్‌లో, అంటే పైనుంచి ఏడో మెట్టులో. చుట్టూ గట్టు, మధ్యలో గుంటలాగా మైదానం, దూరాన సుద్దకొండ. గ్రౌండు పేరు 'డ్రిప్పింగ్ పాన్'. మాంసం కాల్చేటప్పుడు కారే కొవ్వు పట్టే పళ్ళేన్ని అలా అంటారు. పక్కనే ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో పడగొట్టిన మఠం శిథిలాలున్నాయి. ఆ మఠం సన్యాసులు ఇక్కడ ఉప్పు తీసేవారని, ఆ పేరు అలా వచ్చిందని ఊళ్ళో చెప్పుకుంటారు. స్థలపురాణాలు మనకొక్కళ్ళకే కాదు!

వచ్చింది కొన్ని వందలమంది. ఆటగాళ్ళ అరుపులే కాదు, బూటు బంతికి తగిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. నా పక్కన ఒక పెద్దాయన టీ కప్పుతో నిలబడ్డాడు. మాటల్లో, తను ఈ క్లబ్బు యజమానినన్నాడు. నేను ఆయన పాత కోటు వంక చూశాను. ఆయన నవ్వి, అదిగో ఆవిడా యజమానే, ఈ కుర్రాడూ యజమానే అని వేలు పెట్టి చూపించాడు. 2010 నుంచి ఆ క్లబ్బు సభ్యులదేనట. మనిషికి ఒకే వాటా, ఒకే ఓటు. మన సహకార సంఘం లాంటిదే, కాకపోతే వీళ్ళు లెక్కలు చదువుతున్నట్టున్నారు.

రేపు ఆడవాళ్ళ మ్యాచ్ కూడా ఇక్కడే, రండి అన్నాడాయన. ఆ మాట మీదే అసలు సంగతి బయటికొచ్చింది. 2017లో ఈ క్లబ్బు తన ఆడ జట్టుకూ మగ జట్టుకూ జీతాల బడ్జెట్ సమానం చేసింది. ప్రపంచంలో అలా చేసిన మొదటి క్లబ్బుగా దానికి పేరొచ్చింది.

ఆ రోజు లూయిస్ ఒక గోలు తేడాతో ఓడింది. రాత్రి భోజనాల దగ్గర ఈ బడ్జెట్ సంగతి చెబితే మా అల్లుడు ఒప్పుకోలేదు. "ఆడవాళ్ళ ఆట చూసేవాళ్ళేరీ మామయ్యగారూ? వచ్చే ఆదాయాన్ని బట్టే కదా జీతం?" అన్నాడు.

సబబైన ప్రశ్నే. కానీ ఆదాయం ఎందుకు లేదో చూడకుండా ఆదాయం లేదనడం సగం ఆడిట్ మాత్రమే. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ జట్టు ఆట చూడడానికి దాదాపు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండా, 1921 డిసెంబరు 5న ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళ మ్యాచ్‌లు నిషేధించింది. ఈ ఆట ఆడవాళ్ళ శరీరానికి తగదన్నారు. అలా చెప్పడానికి డాక్టర్లు కూడా దొరికారు. మరో కారణం చూసి నాకు నవ్వొచ్చింది: ధర్మకార్యాల కోసం ఆడిన మ్యాచ్‌ల వసూళ్ళలో ఖర్చులకే ఎక్కువ పోతోందని అభ్యంతరం! లెక్కల్లో లోపముంటే లెక్కలు సరిచెయ్యమంటారు. ఆటే ఆపమనే ఆడిట్ అభ్యంతరం నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు. ఆ నిషేధం 1971 దాకా, దాదాపు యాభై ఏళ్ళు ఉంది. కొట్టుకు యాభై ఏళ్ళు తాళం వేసి, బేరాలు లేవేమని అడిగితే ఎలా?

దాని ఫలితం అంకెల్లో ఇంకా కనిపిస్తుంది. 2021-22లో ఎఫ్.ఎ. కప్పు గెలిచిన మగ జట్టుకు బహుమతి 18 లక్షల పౌన్లు. ఆడ జట్టుకు 25 వేలు. అంటే 72 రెట్లు. తర్వాతి ఏడాది ఆడవాళ్ళ మొత్తం పెంచారు, లక్ష అయింది. అయినా ఎంత దూరమో చూడండి.

మన దేశానికొస్తే, 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు ఆడ, మగ క్రీడాకారులకు మ్యాచ్ ఫీజు సమానం చేసింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి పనే, మెచ్చుకోవాలి. కానీ పక్క కాలమ్ కూడా చదవాలి కదా. అప్పటి వార్షిక కాంట్రాక్టుల్లో మగవాళ్ళ పై గ్రేడు 7 కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడు 50 లక్షలు. ఒక పద్దు సమానమైంది, రెండోది కాలేదు. పేపర్లో హెడ్డింగ్ మాత్రం మొదటి పద్దుకే పడుతుంది.

నిజం ఇంకొకటి కూడా చెప్పాలి. సమాన బడ్జెట్ ఇచ్చినంత మాత్రాన లూయిస్ ఆడ జట్టు అన్నీ గెలవలేదు. 2024లో రెండో స్థాయి లీగ్ నుంచి కిందికి దిగిపోయింది. అంతకంటే ఎన్నో రెట్లు ధనమున్న క్లబ్బులతో పోటీ మరి. సమానత్వం గెలుపు తెచ్చే తాయెత్తేమీ కాదు. గెలుస్తారని సమాన జీతం ఇవ్వాలనడం ఫలం ఆశించి మొక్కుకోవడం లాంటిది. న్యాయం గనక ఇవ్వాలి, అంతే. గెలుపోటములు ఆట సంగతి.

మన సభల్లో స్త్రీ పురుష సమానత్వం మీద తీర్మానాలకు లోటు లేదు. చప్పట్లతో ఆమోదిస్తాం. పెయిన్ మన మనిషి అని చెప్పుకుంటాం గనక ఆయన పద్ధతి కూడా పాటిద్దాం: కోరికతోపాటు అంకె కూడా రాద్దాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో నేనొక ప్రతిపాదన పెట్టబోతున్నాను. ఏడాదిలో ఉపన్యాసకుల ప్రయాణ ఖర్చులకు, పుస్తకాల ముద్రణకు మనం పెట్టిన డబ్బులో ఆడవాళ్ళకు ఎంత, మగవాళ్ళకు ఎంత అనేది వార్షిక లెక్కల్లో విడివిడిగా చూపాలని. కోశాధికారిగారికి అదనంగా పడే శ్రమ రెండు కాలమ్‌లే. కావాలంటే ఆ గీతలు నేనే గీసిపెడతాను.