'పారసైట్' తర్వాత ఏం చూడాలి?

కొరియన్ సినిమా 'పారసైట్' చూసినవాళ్లు తర్వాత ఏం చూడాలని అడిగితే చాలామంది 'ఓల్డ్‌బాయ్' అనేస్తారు. నేననను. బలమైన సినిమానే, కానీ కొరియన్ సినిమా అంటే నెత్తురేనేమోనని కొత్తవాళ్లు అక్కడే ఆగిపోవచ్చు. నా ఓటు 'పారసైట్' దర్శకుడు బాంగ్ జూన్ హోనే 2003లో తీసిన 'మెమొరీస్ ఆఫ్ మర్డర్'కి. నిజంగా జరిగిన వరుస హత్యల కథ, హంతకుడు దొరకడు. చివర్లో నటుడు సాంగ్ కాంగ్ హో నేరుగా కెమెరాలోకి చూస్తాడు, ఆ హంతకుడు హాల్లోనే కూర్చున్నాడేమో అన్నట్టు. (ముగింపు చెప్పేశానని కోప్పడకండి, తెలిసినా ఆ చూపు వదలదు.) అసలు హంతకుణ్ణి పోలీసులు గుర్తించింది 2019లో, 'పారసైట్' వచ్చిన ఏడాదే. అప్పటికే వాడు వేరే హత్యకేసులో జైల్లో ఉన్నాడు.

జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ', పిల్లల్ని చూడ్డానికొచ్చిన ముసలి తల్లిదండ్రుల కథ, మాత్రం అందరికీ చెప్పను. అమ్మానాన్నలకు దూరంగా ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లకే చెబుతాను. మీరూ వాళ్లలో ఒకరైతే, ఓ ఆదివారం ఫోను పక్కనపెట్టి చూడండి.