ఆ మోత ఎవరి మీద?

సిగ్నల్ దగ్గర ఎర్రలైటు వెలుగుతుండగానే నా స్కూటీ వెనక హారన్ మొదలవుతుంది. నా ముందు బస్సు ఆగి ఉంది, పక్కన మగవాళ్ళ బండ్లూ ఆగే ఉన్నాయి. అయినా ఆ మోత నా వీపుకే తగులుతుంది. 'వీళ్ళకి బండ్లెవరిచ్చారు' అని అద్దం దించి అనే శ్రమ కూడా లేకుండా చేసింది హారన్.

హారన్ తగ్గించమనే ప్రచారాలు చెవుల గురించి, నిద్ర గురించి చెప్తాయి. నిజమే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాసప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 2019 సవరణతో అనవసరపు హారన్‌కి మొదటిసారి 1000 రూపాయల జరిమానా కూడా వచ్చింది. అయితే ఏది అనవసరం? వెనకున్నాయన దృష్టిలో రోడ్డు మీద నేనే అనవసరం! ఏ మీటరూ దీన్ని కొలవదు.

ఆమధ్య ముంబయి పోలీసులు కొన్ని సిగ్నళ్ళ దగ్గర శబ్దం కొలిచే మీటర్లు పెట్టారు. మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు అంకెలు మళ్ళీ మొదటికొచ్చేవి. కొట్టనివాళ్ళకీ శిక్షేనా అనొచ్చు. నాకు మాత్రం నచ్చింది. తొందరపడ్డవాడికే ఆలస్యం. పైగా అందరూ తిరిగి చూసేది అతన్ని, ముందున్న ఆడమనిషిని కాదు.

మా పక్కింటమ్మాయికి బండి నేర్పుతున్నాను. బ్రేకు తరవాత చెప్పింది ఒకటే, వెనక ఎంత మోగినా పచ్చలైటు పడేదాకా కదలొద్దని. వాళ్ళమ్మ మాత్రం, "ముందు హారన్ గట్టిగా కొట్టడం నేర్పమ్మా, లేకపోతే దీనికి దారెవరిస్తారు?" అంది. ఆవిడకి ఇంకా జవాబు చెప్పలేదు.